కేడ్గావ్ తల్లి పండిత రమాబాయి

షోలాపురం నుండి పూణేకు పోయే రైలు దౌండు జంక్షను దాటిన తరువాత కేడ్గావ్ అనే చిన్న స్టేషను వస్తుంది. వేగంగా పోయే బండ్లు చాలావరకు అక్కడ ఆగవు. మహారాష్ట్రలో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగువారు ఆ దారిన ఎన్నెన్నోసార్లు ప్రయాణం చేసి ఉంటారు. ఆ స్టేషనుకు సమీపంలోనే ముక్తి మిషన్ అనే ఆశ్రమం ఉంది. దానిని స్థాపించిన పండిత రమాబాయి పేరు మహారాష్ట్రలో తెలియని విద్యావంతులు లేరు. అయితే ఆమె జీవితాన్ని మలుపు తిప్పిన తొలి ఘట్టం జరిగినది తెలుగునేల మీద, తిరుపతి కొండలలోనన్న సంగతి మనలో కొద్దిమందికే తెలుసు. ఒక తెలుగు పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికలో ఆమెను స్మరించుకొనడానికి ఈ సంబంధం ఒక్కటే చాలు. అంతకంటె బలమైన కారణం మరొకటి ఉంది. భార్యకు అక్షరాలు నేర్పినందుకు పండితసభలో సమాధానం చెప్పుకోవలసి వచ్చిన ఒక గురువు ఇంట ఆమె పుట్టారు.

ఆ గురువు పేరు అనంతశాస్త్రి డోంగ్రే. చిత్పావన బ్రాహ్మణుడు, సంస్కృతంలో గొప్ప విద్వాంసుడు. స్త్రీ చదువరాదని లోకం ఘోషిస్తున్న కాలంలో ఆయన తన బాలభార్య లక్ష్మీబాయికి సంస్కృతం నేర్పారు. ఇది శాస్త్రవిరుద్ధమన్న ఆక్షేపణ రాగా, ఉడిపిలో పండితుల ఎదుట గ్రంథప్రమాణాలు చూపి తన పక్షాన్ని సమర్థించుకున్నారు. పిమ్మట పడమటి కనుమలలో తుంగభద్రల పుట్టుకకు నెలవైన గంగామూల అరణ్యంలో కుటీరం కట్టుకొని, శిష్యులకు విద్య చెబుతూ కాలం గడిపారు. నేటి కర్ణాటక రాష్ట్రంలో ఉన్న ఆ అడవిలో 1858 ఏప్రిల్ 23న రమాబాయి జన్మించారు.

వచ్చిన అతిథిని కాదనలేని ఆ యింట అప్పులు పెరిగి, ఆస్తి హరించుకుపోయింది. రమాబాయికి ఆరు నెలలు నిండేనాటికి కుటుంబం తీర్థయాత్రకు బయలుదేరింది. పసిబిడ్డను ఒక పేముబుట్టలో ఉంచి, మనిషి తలకెత్తి అడవి దించారు. అది మొదలు వారికి స్థిరమైన ఇల్లన్నది లేదు. పుణ్యక్షేత్రాలలో పురాణం చెప్పడం, భక్తులు సమర్పించిన బియ్యము, పండ్లు, వస్త్రములతో జీవించడం, మిగిలినది దానం చేయడం, ఇదే వారి వృత్తి. తండ్రి వృద్ధుడు కావడంచేత రమాబాయికి చదువు చెప్పినది తల్లియే. సూర్యోదయానికి ముందే బిడ్డను నిద్రలేపి, ఒడిలో కూర్చుండబెట్టుకొని శ్లోకాలు వల్లె వేయించేవారట. బడి ముఖం చూడని ఆ బాలిక యౌవనంలో అడుగుపెట్టేనాటికి భాగవతాది గ్రంథాలలో వేల శ్లోకాలు ధారగా చెప్పగల విదుషి అయింది.

1870 తరువాత దక్షిణదేశంలో కరవు మొదలైంది. పురాణం వినేవారు తగ్గారు, సంభావనలు తగ్గాయి. కూలిపని చేయడానికి కులాచారం అడ్డు వచ్చింది, చేయి చాపడానికి అభిమానం అడ్డు వచ్చింది. ఉన్న నగలు, వెండి రాగి పాత్రలు అమ్మి ఆ ధనాన్ని వ్రతాలకు, దానాలకు వినియోగించి దైవానుగ్రహం కొరకు వేచి చూశారు. 1874లో ఆ కుటుంబం తిరుపతిలో ఉండగా చివరి గింజ కూడ అయిపోయింది. బంధుజనం ఎదుట దారిద్ర్యంతో తలవంచుకొనడం కంటె అడవిలో ప్రాణం విడవడం మేలని నిశ్చయించుకొని, ఒక రాత్రి వారందరు ఆ ఊరు విడిచి అరణ్యంలో ప్రవేశించారు. పదకొండు పగళ్లు, పదకొండు రాత్రులు. నీరు, ఆకులు, ఒక గుప్పెడు అడవి ఈతపండ్లు, ఇవే ఆహారం. ఇక ఆకలి తాళలేక వృద్ధుడైన శాస్త్రిగారు ఒక పుణ్యతీర్థంలో జలసమాధి చెందుటకు సిద్ధపడ్డారు. ఒక్కొక్కరికి వీడ్కోలు చెబుతూ కడగొట్టు బిడ్డయైన రమాబాయిని హృదయానికి హత్తుకున్నారు. ధర్మం తప్పవద్దని, భగవంతుని మరువవద్దని, ఆమెను తాను ఆ దేవుని చేతులలో పెట్టాననీ, ఆయన సొత్తుగానే జీవించాలనీ చెప్పారు. కన్ను కానరాని, తెరువు తెలియని ఆ స్థితిలో ఆయన బిడ్డకు ఇవ్వగలిగిన ఆస్తి ఆ అప్పగింత ఒక్కటే. మూడు దశాబ్దాల తరువాత తన జీవితాన్ని వెనుదిరిగి చూచుకొని వ్రాసినప్పుడు కూడ, తండ్రి చేసిన ఆ ప్రార్థనకు తనకు తెలియని దేవుడు సమాధానమిచ్చాడని రమాబాయి వ్రాసుకున్నారు.

ఆనాడు కుమారుడు శ్రీనివాసుడు అడ్డుపడ్డాడు. కులగర్వం విడిచి ఏ కూలిపనియైనా చేసి తలిదండ్రులను పోషిస్తానని మాట ఇచ్చి, వారిని అడవినుండి మరల్చాడు. కాని అప్పటికే ఆలస్యమైంది. కొద్ది దినాలకే తండ్రి, కొన్ని వారాలకు తల్లి కన్నుమూశారు. తల్లి మరణశయ్యపై ఉండగా, ఒక రొట్టెముక్క యాచించడానికి పొరుగింటికి వెళ్ళిన రమాబాయికి గొంతు పెగలలేదట. ఆ ఇల్లాలు ముఖం చూచి గ్రహించి రొట్టె ఇచ్చింది. తెచ్చేనాటికి తల్లి దానిని మ్రింగగల స్థితిలో లేదు. పాడె మోయడానికి నలుగురు కావలసి ఉండగా ఇద్దరే దొరికారు. మూడవవాడు అన్న. నాల్గవ కొమ్మును పదహారేళ్ళ రమాబాయి ఎత్తుకున్నారు. పొట్టి మనిషి గనుక భుజానికి అందక తలమీద పెట్టుకొని శ్మశానం వరకు నడిచారు. అటుపిమ్మట అక్క కూడ మరణించింది.

మిగిలిన అన్నాచెల్లెళ్ళు దేశం నలుమూలలా కాలినడకన తిరిగారు. పంజాబులో ఝీలం నది ఒడ్డున చలికి తాళలేక, ఇసుకలో రెండు గోతులు త్రవ్వుకొని, మెడవరకు ఇసుక కప్పుకొని రాత్రులు గడిపిన సంగతి ఆమె స్వయంగా చెప్పుకున్నారు. ఇంత నిష్ఠతో నోచిన నోములు, చేసిన యాత్రలు తమ ఆకలిని తీర్చలేదన్న ప్రశ్న ఆ నడకలోనే వారిలో మొలకెత్తింది. ఇది ఒక మతాన్ని నిందించవలసిన ఘట్టం కాదని నా మనవి. ఏ మతస్థునికైనా, ఎంత భక్తునికైనా ఆకలి ఈ ప్రశ్నను వేస్తుంది. ఆ ప్రశ్నను రమాబాయి ఏ మతంలోనూ అణచిపెట్టుకోలేదు. క్రైస్తవురాలైన తరువాత కూడ!

1878లో వారు కలకత్తా చేరారు. ఇరవయ్యేళ్ళ యువతి సంస్కృతంలో అనర్గళంగా ప్రసంగించడం విని విద్వాంసులు విభ్రాంతులయ్యారు. పరీక్షించి పండిత, సరస్వతి అనే బిరుదులిచ్చారు. వేదం స్త్రీకి నిషిద్ధమని నమ్మి దూరంగా ఉన్న ఆమె చేతిలో కేశవచంద్ర సేన్ ఒక వేదగ్రంథాన్ని పెట్టి చదువుమన్నారు. క్రైస్తవుల సమావేశం ఒకటి ఆమె తొలిసారిగా చూచినది కూడ ఆ నగరంలోనే. అక్కడివారు ప్రార్థనవేళ కుర్చీలకు ఎదురుగా మోకరించి కన్నులు మూసుకోగా, వీరు కుర్చీలను పూజిస్తున్నారు కాబోలునని అన్నాచెల్లెళ్ళు అనుకున్నారట. వారిచ్చిన సంస్కృత బైబిలు ఆనాడు ఆమెకు అర్థం కాలేదు.

1880లో ఢాకాలో అన్న మరణించాడు. అదే సంవత్సరం జూన్ 13న రమాబాయి బిపిన్ బిహారీ దాస్ మేధావి అనే బెంగాలీ న్యాయవాదిని సివిల్ చట్టం ప్రకారం వివాహం చేసుకున్నారు. వరుడు బ్రాహ్మణేతరుడు, ఇరుపక్షాల బంధువులూ వారిని దూరం చేశారు. అస్సాంలోని సిల్చారులో కాపురం. అక్కడ భర్త పుస్తకాలలో బెంగాలీలో అచ్చయిన లూకా సువార్త ఒకటి ఆమె కంటపడింది. 1881 ఏప్రిల్‌లో కుమార్తె మనోరమ పుట్టింది. 1882 ఫిబ్రవరి 4న భర్త కలరాతో మృతి చెందారు. పందొమ్మిది నెలల సంసారం. ఇరవైమూడేళ్ళ వయస్సులో, ఒడిలో పది నెలల పసిపాపతో ఆమె వితంతువయ్యారు.

పూణేకు వచ్చిన ఆమెకు రానడే వంటి సంస్కర్తలు ఆదరం చూపారు. స్త్రీల అభ్యున్నతికై ఆర్య మహిళా సమాజం స్థాపించారు. హంటర్ విద్యా సంఘం ఎదుట సాక్ష్యమిస్తూ, ఆడవారి రోగాలకు ఆడవైద్యులు కావాలని వాదించారు. తానే వైద్యవిద్య అభ్యసించాలన్న కోరికతో, స్త్రీధర్మనీతి అనే మరాఠీ గ్రంథం వ్రాసి, దాని రాబడితో 1883లో ఇంగ్లండు ప్రయాణమయ్యారు. వాంటేజ్ పట్టణంలోని ఆంగ్లికను సన్యాసినుల మఠంలో బస.

లండనులోని ఫుల్హామ్ ప్రాంతంలో, పతితలని లోకం వెలివేసిన స్త్రీలను ఆ సన్యాసినులు చేరదీసి సేవచేస్తున్న ఆశ్రమాన్ని ఆమె అప్పుడు చూశారు. స్వదేశంలో అటువంటి స్త్రీలపై కరుణ చూపిన శాస్త్రమేదీ ఆమె ఎరుగరు. వీరికి ఈ దయ ఎక్కడిదని అడుగగా, ఒక సన్యాసిని యోహాను సువార్తలో సమరయ స్త్రీతో యేసు సంభాషించిన నాల్గవ అధ్యాయం చదివి వినిపించింది. రమాబాయిని కదిలించినది ఈ అధ్యాయమే. నెహెమ్యా గోరే అనే మహారాష్ట్ర క్రైస్తవ పండితుని లేఖలు ఆమె తార్కిక సందేహాలు కొన్నింటిని తీర్చాయి. ఇంతలో మరొక పిడుగు పడింది. తోడువచ్చిన స్నేహితురాలు ఆనందీబాయి భగత్ ఆ పరదేశంలో ఆత్మహత్య చేసుకున్నది. ఆ దుఃఖం ఆరకముందే, 1883 సెప్టెంబరు 29న రమాబాయి, పసిబిడ్డ మనోరమ బాప్తిస్మం పొందారు. పూణేలోని మిత్రులు దీనిని ద్రోహంగా భావించారు. వైద్యవిద్య ఆశ కూడ సాగలేదు. ఆమెకు చెవుడు రానురాను ముదురుతుండడమే కారణం.

బాప్తిస్మంతో కథ సుఖాంతమైనదని తలచినవారు ఆమె ఉత్తరాలు చదివితే ఆశ్చర్యపడతారు. దైవచిత్తమేదో తెలుసుకొనడమెలా అన్న ప్రశ్న ఆమెకు అక్కడే ప్రారంభమైంది. మఠంలో ఆమెకు తల్లివంటి సిస్టర్ జెరల్డీన్, చెల్టన్‌హామ్ కళాశాల ప్రధానాచార్యులు డొరోతియా బీల్ ఆమెకు హితోపదేశం చేసేవారు. త్రిత్వ సిద్ధాంతాన్ని బైబిలు ఆధారంగా తనకు నచ్చజెప్పనిదే ఒప్పుకోనని ఆమె భీష్మించారు. శాకాహారం విడువలేదు. ధరించే సిలువపై లాటిను అక్షరాలు మనవారికి ఎందుకు, సంస్కృతం ఉండరాదా అని అడిగారు. ఆమె పురుషులకు పాఠం చెప్పడం తగదని కొందరు మతాధికారులు అడ్డు చెప్పినప్పుడు, తండ్రి తనకిచ్చిన స్వేచ్ఛను ఎవరికోసమూ వదులుకోనన్నారు. పురోహితుల కాడిని ఎంతో కష్టం మీద దింపుకొని వచ్చిన తాను మరొక కాడిని దైవాజ్ఞ పేరిట మెడకెత్తుకోలేనన్నది ఆమె వాదసారం. జెరల్డీన్ దృష్టిలో ఇది అహంకారం. సన్యాసిని నొచ్చుకొనడంలో అసహజమేమీ లేదు. ఆమె ప్రేమ నిజమైనది. కాని ఇతరుల గొంతును దేవుని గొంతుగా పొరబడకుండుట విశ్వాసికి మొదటి పాఠమైతే, దానిని రమాబాయి క్రైస్తవురాలైన రెండేళ్ళలోనే నేర్చుకున్నారనాలి.

1886 మార్చిలో ఫిలడెల్ఫియాలో వైద్యపట్టం పుచ్చుకొంటున్న ఆనందీబాయి జోషీని చూడడానికి అమెరికా వెళ్ళిన రమాబాయి, దాదాపు మూడు సంవత్సరాలు అక్కడే ఉండి ఊరూరా ఉపన్యసించారు. అగ్రవర్ణ హిందూ స్త్రీల దుస్థితిపై ఆంగ్లంలో గ్రంథం వ్రాశారు. 1887లో బోస్టనులో రమాబాయి సంఘం ఏర్పడి, పదేళ్ళు ధనసహాయం చేస్తామని వాగ్దానం చేసింది. ఆ బలంతో 1889 మార్చి 11న బొంబాయిలో బాలవితంతువులకై శారదాసదనం ప్రారంభమైంది; మరుసటి ఏడు పూణేకు మారింది. దాని తొలి విద్యార్థినులలో ఒకరైన గోదుబాయి 1893లో ధోండో కేశవ కర్వేను పునర్వివాహం చేసుకున్నారు. ఆ కర్వేయే తరువాత మహిళా విశ్వవిద్యాలయాన్ని స్థాపించి భారతరత్నమయ్యారు.

శారదాసదనంలో మతబోధ ఉండరాదన్నది నియమం. రమాబాయి దానిని పాటించారు. అయితే తన గదిలో తాను ప్రార్థన చేసుకొనేవేళ తలుపు మూసేవారు కాదు. పిల్లలు వచ్చి కూర్చునేవారు. కొందరు క్రీస్తు వైపు మొగ్గారు. పూణే భగ్గుమంది. 1893లో రానడే, భండార్కరు మొదలైన సలహాసంఘ సభ్యులు వైదొలగారు. ఇరవై మందికి పైగా బాలికలను తల్లిదండ్రులు తీసుకుపోయారు. మాట తప్పారన్న ఆ పెద్దల బాధలో న్యాయం లేకపోలేదు. తన తలుపు తాను మూసుకోవలసిన పనిలేదన్న ఆమె పట్టుదలలోనూ న్యాయం ఉంది. ఈ వివాదాన్ని ఒక పక్షాన నిలిచి తీర్చడం నాకు సాధ్యం కావడం లేదు.

ఇంత తుపానులోను ఆమె అంతరంగంలో మరొక సంఘర్షణ జరిగింది. బాప్తిస్మం పొందిన ఎనిమిదేళ్ళకు, 1891 ప్రాంతంలో, విలియం హాస్లామ్ అనే ఇంగ్లీషు పాదిరీ ఆత్మకథ ఆమె చేతికి వచ్చింది. బోధకుడై ఉండి కూడ తాను ఇంకా మారుమనస్సు పొందలేదని ఆయన కనుగొన్న వైనం అందులో ఉంది. అది చదివి రమాబాయి ఉలిక్కిపడ్డారు. తాను క్రీస్తు మతాన్ని కనుగొన్నదే గాని క్రీస్తును కనుగొనలేదని ఆమెకు తోచింది. ప్రపంచఖ్యాతి గడించి, సదనం స్థాపించి, ఎందరినో ఉద్ధరించిన తరువాత ఇటువంటి మాట తనతో తాను చెప్పుకొనడానికి ఎంత నిజాయితీ కావాలో పాఠకులే ఊహించుకోవచ్చు. అటుతరువాత బైబిలును వాదానికి గాక ఆశ్రయానికి చదివారు. జార్జి ముల్లర్, హడ్సన్ టైలర్, జాన్ పేటన్ల జీవితచరిత్రలు చదివి, మనుష్యులను అడుగకుండ దేవుని మీదనే ఆధారపడి ఒక సంస్థను నడుపవచ్చునా అని ఆలోచించసాగారు.

తరువాత లోణావళాలో జరిగిన క్రైస్తవ శిబిరంలో ఒక తెల్లవారుజామున, అప్పటివరకు క్రీస్తును అంగీకరించిన తన బాలికలను ఆమె లెక్కపెట్టుకున్నారు. పదిహేనుమంది. ఆ సంఖ్యను వర్గు చేసి ఇమ్మని, అనగా 225 మందిని ఇమ్మని, ప్రార్థించాలన్న తలంపు కలిగింది. మరునిమిషమే సందేహం! సదనంలో పట్టేది అరవై డెబ్బై మందికే, అమెరికా సంఘం ఇచ్చే ధనం బాలవితంతువులకే, ఊరంతా విరోధం. ఇది దేవుడు కలిగించిన తలంపా, తన ఆశ కల్పించిన భ్రమా? ఆమె దానిని ఎవరిపైనా రుద్దలేదు, పత్రికలలో ప్రకటించలేదు, భవనం కట్టడానికి తొందరపడలేదు. చిన్న పుస్తకంలో వ్రాసుకొని ఊరకున్నారు.

1896లో మధ్యపరగణాలలో కరవు వచ్చింది. వార్త విన్నప్పుడు ఆమె వెంటనే లేచి పరుగెత్తలేదు. చేతిలో డబ్బు లేదు, చోటు లేదు. కాని తిరుపతి అడవిలోని ఆ పదకొండు దినాలు ఆమెను నిద్రపోనివ్వలేదు. ఆకలిగొన్న ఆడపిల్లలు ఎటువంటి వారి చేతులలో పడతారో ఆమె ఎరుగుదురు. వెళ్ళి, సహాయ శిబిరాలలో ఎముకలగూడులైన బాలికలను చూచి, చేతికందినవారినల్లా తీసుకువచ్చారు. సుమారు మూడువందలమంది! లెక్క తాను అడిగినదానిని దాటిపోయింది. ఇరవై రెండేళ్ళుగా అర్థం లేనిదిగా మిగిలిన ఆమె బాల్యపు ఆకలికి అప్పుడొక పని దొరికింది. అర్థం దొరికినదని నేననను. తల్లి నోట పెట్టలేకపోయిన ఆ రొట్టెముక్కకు ఏ లెక్కా సరిపోదు. పని దొరికింది.

తెచ్చినవారిని పూణేలో ఉంచనివ్వలేదు. 1897లో ప్లేగు చెలరేగడంతో, సదనంలో జనసంఖ్య పెంచరాదని అధికారులు ఆంక్ష పెట్టారు. సదనానికి ఆదాయం కొరకు పండ్లతోట వేయించుదామని కేడ్గావ్‌లో ఆమె అంతకుముందే కొన్న భూమి ఉంది. అక్కడికి ఆ పిల్లలను తరలించి, గుడారాలు, పాకలు వేయించారు. అదే ముక్తిసదనం. తోట కోసం కొన్న నేల పిల్లలకు గూడైంది. నడిపింపు అనే మాటకు ఆమె జీవితంలో తరచు కనిపించే రూపం ఇదే. ముందుగా బయలుపడిన ప్రణాళిక ఏదీ లేదు. ఒక తలుపు మూసుకున్నప్పుడు ఎదుట ఉన్నదేమో చూచి, దానిని చేపట్టేవారు. ప్లేగు ఆసుపత్రులలో స్త్రీల పట్ల జరుగుతున్న దురాగతాలపై ఆ ఏడే పత్రికలో లేఖ వ్రాసి ప్రభుత్వాగ్రహానికి గురియైనారు. తెల్లదొరల మతాన్ని స్వీకరించినంత మాత్రాన దొరలకు లొంగలేదనడానికి అది నిదర్శనం.

1898లో అమెరికా సంఘం వాగ్దానం చేసిన పదేళ్ళు ముగిశాయి. 1900లో గుజరాతులో ఘోరమైన కరవు. మళ్ళీ వందల పిల్లలు. ఆశ్రమంలో ఒక దశలో దాదాపు రెండువేలమంది ఉండేవారు. నేత, కుట్టు, వ్యవసాయం, వంట, ముద్రణ, ఎవరికి చేతనైన పని వారికి నేర్పారు. మోసపోయిన స్త్రీలకు కృపాసదనం, అంధులకు బర్తిమయి సదనం ఏర్పడ్డాయి. ఫుల్హామ్‌లో చూచిన దృశ్యం పదహారేళ్ళకు కేడ్గావ్ మెట్టపొలాలలో మొలిచింది. ఇంతమందిని ఏ ఆధారంతో పోషిస్తున్నారని అడిగిన వారికి చూపడానికి ఆమె వద్ద నిధి లేదు. బావులు ఎండిన రోజులున్నాయి, జ్వరాలు ముసిరి పిల్లలు చనిపోయిన రోజులున్నాయి. కరవులో దొరికిన బిడ్డలను క్రైస్తవులుగా పెంచారన్న విమర్శ ఆనాడూ ఉన్నది, ఈనాడూ ఉన్నది. ఆ విమర్శకు తావున్నదని ఒప్పుకుంటూనే, ఆ బిడ్డలను ఎత్తుకొని రావడానికి ఆ శిబిరాలకు వెళ్ళినవారెందరు అని కూడ అడగవలసి ఉంటుంది.

1905లో ముక్తిసదనంలో గొప్ప ఆత్మీయ ఉజ్జీవం సంభవించింది. ఆ ఏడు ఆరంభంలో డెబ్బైమందితో మొదలైన ప్రత్యేక ప్రార్థన జూను నాటికి అయిదువందలు దాటింది. నెల చివర బాలికలు పాపపశ్చాత్తాపంతో ఏడ్వడం, అందరూ ఒక్కసారిగా గొంతెత్తి ప్రార్థించడం ఆరంభించారు. కాలక్రమేణ అన్యభాషలలో మాటలాడినవారూ ఉన్నారు. చూడవచ్చిన పాదిరీలలో కొందరు ఇది ఉద్రేకమని, క్రమశిక్షణ లేదని ఆక్షేపించారు. మరికొందరు ఇదే నిజమైన క్రైస్తవానికి గుర్తు అన్నారు. రమాబాయి ఈ రెంటికీ లొంగలేదు. ఇంగ్లీషువారు నిశ్శబ్దంగా ప్రార్థిస్తారు గనుక దేవుడు నిశ్శబ్దాన్నే ఇష్టపడతాడనడం ఆమెకు సమ్మతం కాలేదు. అటులనే, చప్పుడునే ఆత్మకు కొలబద్దగా చేయలేదు. ఏడ్చిన పిల్ల మరునాడు పొరుగుపిల్లతో ఎలా మెలగుతున్నది, పాడైన నడవడి బాగుపడినదా, ఊళ్ళకు వెళ్ళి సేవ చేయడానికి ఒప్పుకొంటున్నదా, వీటిని ఆమె చూచేవారు. మఠపు పెద్దల మాటను పరీక్షించిన స్త్రీయే ఇప్పుడు తన కళ్ళెదుటి అద్భుతాన్ని కూడ పరీక్షించింది. ఈ నిబ్బరం ఆమె జీవితమంతటిలో నాకు మిక్కిలి ప్రియమైన సంగతి.

ఇక చివరి పదిహేను, పదహారేళ్ళు ఆమె బైబిలు అనువాదంలో మునిగిపోయారు. అప్పటి మరాఠీ బైబిలు సంస్కృతపదాలతో బరువెక్కి, చదువురాని పల్లెపడుచులకు అందదని ఆమె అభిప్రాయం. వేలకొలది సంస్కృత శ్లోకాలు కంఠస్థం చేసిన పండితురాలు ఆ సంస్కృతాన్ని ప్రయత్నపూర్వకంగా తుడిచివేస్తూ, కూలికి పోయే ఆడదాని మాటలు ఏరుకున్నారు. వార్ధక్యంలో హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చి, మూలం నుండి తానే అనువదించారు. భాషాబోధకులకు ఇంతకంటె మంచి ఉదాహరణ అరుదు.

ఆశ్రమభారమంతా మనోరమ మీద ఉంచుదామని ఆమె తలచారు. విద్యావంతురాలు, నెమ్మదస్తురాలు అయిన మనోరమ తల్లికి కుడిభుజమై నిలిచింది. నాటి నిజాం రాజ్యంలోని గుల్బర్గాలో 1912 ప్రాంతంలో స్థాపించిన పాఠశాలను కూడ ఆమెయే చూచుకొనేది. 1919లో రమాబాయికి ప్రభుత్వం కైసర్-ఎ-హింద్ పతకం ప్రకటించింది. అప్పటికే చెవుడు పూర్తిగా కమ్మింది, ఆరోగ్యం క్షీణించింది.

1921 జూలై 24న మీరజులో మనోరమ మరణించింది. నలభై ఏళ్ళ వయస్సు. తండ్రి, తల్లి, అక్క, అన్న, భర్త, ఇప్పుడు ఏకైక సంతానం. అరవైమూడేళ్ళ ఆ తల్లి చెవికి ఓదార్పుమాటలు కూడ వినబడవు. ఈ మరణానికి కారణమేమని ఆమె దేవుని ఎదుట వాదించినట్లు గాని, కారణం తెలిసినదని చెప్పుకొన్నట్లు గాని ఆమె చరిత్రకారులు వ్రాయలేదు. ఆశ్రమానికి మరొక పెద్దను ఏర్పాటు చేశారు. తిరిగి అచ్చుప్రతుల ముందు కూర్చున్నారు.

అనువాదం సరిచూడడం ముగించిన స్వల్పకాలానికే, 1922 ఏప్రిల్ 5న, కేడ్గావ్‌లో నిద్రలోనే ఆమె కన్నుమూశారు. గ్రంథం సంపూర్ణంగా అచ్చయి వెలువడినది 1924లో. అక్షరాలు కూర్చినవారు, అచ్చువేసినవారు, పుటలు మడిచి కుట్టినవారు ముక్తిసదనపు స్త్రీలే. కరవుశిబిరాలనుండి వచ్చేనాటికి వారిలో చాలామందికి ఒక్క అక్షరమైనా రాదు.